కూడికలతో కట్టిన సైన్

సైన్ కీ నొక్కి, 37.2 కొట్టి, ఈక్వల్ నొక్కితే క్యాలిక్యులేటర్ తెర మీద 0.604599 అంటూ అంకెలు వరసగా పడతాయి. ఆ జవాబు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్లూ ఆ యంత్రాన్ని చేతిలో పట్టుకు తిరిగినవాళ్లని అడిగినా ఎక్కువగా రెండు జవాబులే వినిపిస్తాయి. లోపల పెద్ద పట్టిక దాచి ఉంటారని కొందరు అంటారు. లోపల ఏదో శ్రేణి లెక్క నడుస్తుందని మరికొందరు అంటారు.

రెండూ మంచి ఊహలే. రెండింటికీ మన గడ్డ మీదే పాత చరిత్ర ఉంది. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో మూడు ముప్పావు డిగ్రీలకు ఒకటి చొప్పున 24 జ్యా భేదాలు ఉన్నాయి. వాటిని వరసగా కూడుకుంటూ పోతే తొంభై డిగ్రీల దాకా సైన్ పట్టిక తయారవుతుంది. కేరళకు చెందిన మాధవుడు 14వ శతాబ్దంలోనే సైన్‌కి అనంత శ్రేణి కనిపెట్టాడు. అయితే జేబులో పట్టే క్యాలిక్యులేటర్ పుట్టిన 1970ల మొదట్లో ఈ రెండు దారులూ చిప్ చేసేవాళ్లకు కష్టమైనవే. పది అంకెల ఖచ్చితత్వం ఇచ్చే పట్టిక ఆనాటి మెమరీలో పట్టదు. శ్రేణి పట్టుకుంటే గుణకారాలు, భాగహారాలు చాలా చెయ్యాలి. ఆ చిప్‌కి గుణకారం రానే రాదు. దానికి వచ్చినవి కూడటం, తీసెయ్యడం, అంకెల్ని ఒక గది పక్కకి జరపడం, అంతే. గుణకారం కావాలంటే మళ్లీ మళ్లీ కూడుకోవాలి.

ఇంత తక్కువ తెలిసిన యంత్రం చేత సైన్, కాస్, టాన్, లాగ్ అన్నీ చెప్పించిన పద్ధతి నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు గొప్ప ఇంజనీరింగ్ ఆలోచనల్లో ఒకటి. అది పుట్టింది క్యాలిక్యులేటర్ కోసం కాదు, ఒక యుద్ధ విమానం కోసం. అమెరికాలో కాన్వేర్ సంస్థ బి-58 హస్లర్ బాంబర్ తయారు చేస్తున్న రోజుల్లో, దారి లెక్కలు కట్టే పరికరంలో కోణాల్ని గేర్లు, తీగచుట్టలతో పనిచేసే అనలాగ్ భాగాలు చూసుకునేవి. వాటి ఖచ్చితత్వం చాలలేదు. వాటి స్థానంలో డిజిటల్ పరికరం పెట్టే పని జాక్ వోల్డర్ అనే ఇంజనీరుకు వచ్చింది. 1956లో ఆయన సంస్థ లోపలి నివేదికగా రాసి, 1959లో అచ్చు వేయించిన పద్ధతి పేరు కార్డిక్. కోఆర్డినేట్ రొటేషన్ డిజిటల్ కంప్యూటర్ అన్న మాటలకు అది పొట్టి రూపం.

దాని కిటుకు కాగితం మీద చేసి చూస్తేనే తెలుస్తుంది. గడియారం ముల్లు లాంటి గీతని ఊహించుకోండి. మొదట అది అడ్డంగా పడుకుని ఉంది. దాని కొన దగ్గర అడ్డం విలువ 1, నిలువు విలువ 0. దాన్ని సరిగ్గా 30 డిగ్రీలు పైకి తిప్పగలిగితే నిలువుని అడ్డంతో భాగించినప్పుడు టాన్ 30 వస్తుంది. ఒక్కసారిగా 30 డిగ్రీలు తిప్పడం యంత్రానికి చేతకాదు. కానీ కొన్ని ప్రత్యేక కోణాలు తిప్పడం దానికి చాలా తేలిక. ఉదాహరణకి టాన్ విలువ సరిగ్గా 0.1 అయ్యే కోణం 5.710593 డిగ్రీలు. ముల్లుని అంత తిప్పాలంటే పాత అడ్డంలోంచి పాత నిలువులో పదో వంతు తీసెయ్యాలి, పాత నిలువుకి పాత అడ్డంలో పదో వంతు కలపాలి. పదో వంతు అంటే అంకెలన్నిటినీ ఒక గది కుడికి జరపడమే కాబట్టి భాగహారంతో పనే లేదు. ఇలా తిప్పినప్పుడు ముల్లు కాస్త సాగుతుంది. మనకి కావలసింది రెండు విలువల నిష్పత్తే కాబట్టి ఆ సాగుడు లెక్కని చెడగొట్టదు.

ఇప్పుడు 30ని ఈ తేలిక కోణాలుగా విడగొడదాం. టాన్ 1 అయ్యే 45 డిగ్రీలు అందులో ఒక్కసారీ పట్టదు. 5.710593 అయిదుసార్లు పడుతుంది. మిగిలిన 1.447 డిగ్రీలలో టాన్ 0.01 అయ్యే 0.572939 రెండుసార్లు పడుతుంది. ఇంకా మిగిలినదాంట్లో టాన్ 0.001 అయ్యే 0.057296 అయిదుసార్లు, టాన్ 0.0001 అయ్యే 0.005730 రెండుసార్లు పడతాయి. అంటే 0, 5, 2, 5, 2.

ఇక తిప్పుడు. 1, 0తో మొదలుపెట్టి పదో వంతు తిప్పుడు ఒకసారి వేస్తే 1, 0.1 వస్తాయి. రెండోసారి 0.99, 0.2. మూడోసారి 0.97, 0.299. నాలుగోసారి 0.9401, 0.396. అయిదోసారి 0.9005, 0.49001. నిష్పత్తి ఇప్పటికే 0.544 దగ్గర ఉంది. నూరో వంతు తిప్పుడు రెండుసార్లు వేస్తే 0.8906, 0.5080, నిష్పత్తి 0.5704. వెయ్యో వంతు అయిదుసార్లు, పదివేలో వంతు రెండుసార్లు వేసేసరికి 0.887959, 0.512597, నిష్పత్తి 0.577275. అసలు టాన్ 30 విలువ 0.577350. మొత్తం పద్నాలుగు తిప్పుళ్లకి మూడు అంకెలు స్థిరపడిపోయాయి. చివర మిగిలిన 0.00322 డిగ్రీల ముక్కని కూడా కలుపుకుంటే తక్కినవీ కుదురుకుంటాయి. సైన్ కావాలంటే ఈ టాన్ విలువని, దాని వర్గానికి ఒకటి కలిపి తీసిన వర్గమూలంతో భాగిస్తే సరిపోతుంది. ఆ యంత్రం మెమరీలో ఉండేది ఈ పద్ధతీ, ఈ నాలుగైదు కోణాలూ మాత్రమే. ఇంటర్ చదివే పిల్లలెవరైనా ఒక సాయంత్రం కూర్చుని 20 డిగ్రీలకి ఇదే లెక్క వేసి చూడాలని నా కోరిక. సైన్ అంటే పుస్తకంలోని బొమ్మ అనుకున్నవాళ్లకి అది చేత్తో చెయ్యగలిగిన పని అని అప్పుడు తెలుస్తుంది.

పైన చేసిన లెక్క ఊహ కాదు, హెచ్‌పీ-35 అనే యంత్రం పనిచేసిన తీరుకి చాలా దగ్గరది. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1968లో 9100ఏ అనే బల్ల మీది క్యాలిక్యులేటర్ తెచ్చింది. ధర 4,900 డాలర్లు. దాన్ని చొక్కా జేబులో పట్టేంత చిన్నది చెయ్యాలని బిల్ హ్యూలెట్ పట్టుబట్టాడు. ఇంత ఖరీదు పెట్టి ఎవరు కొంటారని మార్కెట్ సర్వే పెదవి విరిచినా ఆయన వెనక్కి తగ్గలేదు. 1972 మొదట్లో 395 డాలర్లకి హెచ్‌పీ-35 బయటికొచ్చింది. 35 కీలు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. దాని లెక్కల పద్ధతులు రాసిన డేవిడ్ కాక్రన్‌కి మొత్తం దొరికిన చోటు 768 సూచనలు. కూడికలు, గుణకారాలు, వర్గమూలం, లాగ్, త్రికోణమితి, తెర నడపడం, కీలు చదవడం అన్నీ అందులోనే. మొదటి ఏడాదిలోనే లక్ష యంత్రాలు అమ్ముడుపోయాయి. తరతరాలుగా ఇంజనీర్ల చేతుల్లో ఉన్న స్లైడ్ రూల్ కొద్ది ఏళ్లలోనే కనుమరుగైంది.

మొదట వచ్చిన యంత్రాల్లో ఒక తప్పు దొర్లింది. 2.02కి నేచురల్ లాగ్ తీసి, వెంటనే దాన్ని మళ్లీ e కి ఘాతంగా వేస్తే 2.02 రావాలి. 2 వచ్చేది. సంస్థ కొన్నవాళ్లకి ఉత్తరాలు రాసి, కావాలంటే సరిచేసిన యంత్రం ఇస్తామని చెప్పింది. పది అంకెలు చూపించే యంత్రం మీద నమ్మకం ఆ పదో అంకె మీదే నిలబడుతుందని వాళ్లు గ్రహించిన తీరు నాకు ఎప్పుడూ గొప్పగా అనిపిస్తుంది.

ఇదే ఆలోచనని ఇంకా తక్కువ చోటులో ఇరికించినవాడు బ్రిటన్‌కి చెందిన క్లైవ్ సింక్లెయిర్. 1974లో వచ్చిన సింక్లెయిర్ సైంటిఫిక్‌లో వాడింది నాలుగు లెక్కల సాదా క్యాలిక్యులేటర్ కోసం టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చేసిన చిప్. సూచనలకి చోటు 320 మాత్రమే. నైజెల్ సర్ల్ రాసిన ఆ ప్రోగ్రాంలో చిన్నవీ పెద్దవీ కోణాలు లేవు. 0.001 రేడియన్ చొప్పున ముల్లుని తిప్పుతూనే పోతుంది. పెద్ద కోణమైతే వెయ్యికి పైగా తిప్పుళ్లు, సెకన్ల కొద్దీ ఎదురుచూపు. జవాబులో నమ్మదగినవి మూడు అంకెలు. పై (π) విలువని లోపల పెట్టుకోవడానికి చోటు లేక తెర పక్కన పెట్టె మీదే 3.14159 అని అచ్చు వేశారు. అయినా దాని ధర హెచ్‌పీ యంత్రంలో చిన్న భాగమే. మూడు అంకెలు చాలుననుకునే విద్యార్థికి అది వరమే.

ఈ రెండు యంత్రాల్లోనూ ఈక్వల్ కీ ఉండదు. హెచ్‌పీ-35లో 3, 4 కలిపి వచ్చినదాన్ని 5, 6 కలిపినదానితో గుణించాలంటే 3, ఎంటర్, 4, ప్లస్, 5, ఎంటర్, 6, ప్లస్, ఇంటూ అని నొక్కుతాం, 77 వస్తుంది. ముందు అంకెలు, తర్వాత చెయ్యాల్సిన పని. పోలండ్ తర్కవేత్త యాన్ వుకాషెవిచ్ 1920లలో బ్రాకెట్లు లేకుండా తర్కవాక్యాలు రాయడానికి కట్టిన పద్ధతిని తిరగేస్తే వచ్చిన వరస ఇది. బ్రాకెట్లు గుర్తుపెట్టుకునే బాధ యంత్రానికి లేకపోవడంతో మెమరీ మిగిలింది. మనిషికి కలిగిన లాభం మరొకటి. ప్రతి అడుగులోనూ మధ్య జవాబు కళ్ల ముందు కనిపిస్తుంది. బీమ్ లెక్కలో లోడ్ కిలోన్యూటన్లలో రావాల్సింది వేలల్లో కనిపిస్తే అక్కడే ఆగి చూసుకోవచ్చు.

ఈ వరసలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 1982 నాటి హెచ్‌పీ-15సీ. అడ్డంగా పట్టుకుని రెండు బొటనవేళ్లతో నొక్కే ఆ యంత్రం సమీకరణాల మూలాలు వెతుకుతుంది, సమాకలనం చేస్తుంది, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు చూసుకుంటుంది. ఆ సంస్థ యంత్రాల్లో మూలాలు వెతికే పద్ధతి, సమాకలన పద్ధతి వెనక బర్కిలీ ప్రొఫెసర్ విలియం కహాన్ ఉన్నారు. కంప్యూటర్లన్నీ దశాంశ లెక్కలు ఒకే తీరుగా చెయ్యాలన్న ప్రమాణం వెనక ఉన్న మనిషి, 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనిషి. అంతటివాడు జేబు యంత్రంలో చివరి అంకె గురించి తపన పడ్డాడు కాబట్టే దాన్ని వాడినవాళ్లు నలభై ఏళ్ల తర్వాత కూడా వదల్లేదు. 2023లో అది మళ్లీ మార్కెట్లోకి వచ్చింది.

మన కాలేజీల్లో కథ వేరు. హైదరాబాద్‌లోనైనా, విశాఖలోనైనా, కాకినాడలోనైనా బి.టెక్ విద్యార్థి సంచీలో ఉండేది క్యాసియోనే. ప్రోగ్రాం చెయ్యడానికి వీల్లేని యంత్రాలనే పరీక్ష హాల్లోకి రానివ్వడం, ధర అందుబాటులో ఉండడం దానికి కారణాలు. ఎఫ్‌ఎక్స్-82 సాధారణ లెక్కలకి సరిపోతుంది. సమాకలనాలు, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు కావలసినవాళ్లు ఎఫ్‌ఎక్స్-991 కొంటారు. ఇందులో ఎంఎస్ రకం పాతది, ఒకే వరసలో లెక్క చూపిస్తుంది. ఈఎస్ వచ్చాక భిన్నాలు, వర్గమూలాలు పుస్తకంలో ఉన్నట్టే తెర మీద కనిపించసాగాయి. లోపలా మార్పు జరిగింది. ఎంఎస్ సమాకలనాన్ని సింప్సన్ నియమంతో చేస్తుంది, ఈఎస్ గాస్-క్రోన్‌రాడ్ పద్ధతితో చేస్తుంది. సాల్వ్ కీ రెండింటిలోనూ న్యూటన్ పద్ధతే కాబట్టి మొదటి ఊహ మీదే అంతా ఆధారపడుతుంది. ఎక్స్ వర్గం మైనస్ ఎక్స్ మైనస్ 1 సమీకరణానికి 2తో మొదలుపెడితే 1.618 దొరుకుతుంది, మైనస్ 1తో మొదలుపెడితే మైనస్ 0.618. ఒక మూలం చెప్పి యంత్రం ఊరుకుంటే అదొక్కటే ఉందనుకోకూడదు.

ఈ యంత్రంలో చాలామంది ముట్టుకోని కీలు పోల్, రెక్. సర్వే చేసే సివిల్ ఇంజనీరుకి ఇవి ప్రాణం. 120 మీటర్ల గీత, ఉత్తరం నుంచి 50 డిగ్రీల బేరింగ్ అనుకుందాం. రెక్ నొక్కి 120, 50 ఇస్తే లాటిట్యూడ్ 77.13, డిపార్చర్ 91.93 రెండూ ఒక్క దెబ్బకి వస్తాయి. ట్రావర్స్‌లో ఇరవై గీతలుంటే నలభై గుణకారాలు తప్పుతాయి. గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే నడుపుతున్న లాంబ్టన్ దగ్గర 1818లో హైదరాబాద్‌లో చేరిన జార్జ్ ఎవరెస్ట్ కాలంలో ఈ పనంతా లాగరిథం పట్టికలు తిరగేస్తూ, లెక్కలు కట్టే ఉద్యోగుల చేత చేయించేవారు.

తెర మీద డీ (డిగ్రీ), ఆర్ (రేడియన్), జీ (గ్రేడియన్) అన్న చిన్న అక్షరాల వల్ల పోయిన మార్కులు ఎన్నో. సైన్ 30 డీలో 0.5. ఆర్‌లో ఉంటే మైనస్ 0.988, జీలో ఉంటే 0.454. మైనస్ వస్తే అనుమానం వస్తుంది. జీ చూపే 0.454 మాత్రం చూపుకి మామూలుగానే ఉంటుంది కాబట్టి అదే ఎక్కువ ప్రమాదం. ఇలాంటిదే మరొకటి, 6 భాగించు 2 బ్రాకెట్లో 1 ప్లస్ 2. గుణకారం గుర్తు వదిలేసి ఇలా కొడితే ఎఫ్‌ఎక్స్-991 ఈఎక్స్ తనే ఇంకో బ్రాకెట్ చేర్చి 1 అంటుంది, టెక్సస్ వారి టీఐ-84 తొమ్మిది అంటుంది. రెండు సంస్థలూ తమ నియమం ప్రకారం సరిగ్గానే చెబుతున్నాయి. గుర్తు వదలకుండా కొట్టడం ఒక్కటే మందు.

టీఐ-84 పేరు అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో బాగా తెలిసిందే. అక్కడ హైస్కూల్లో అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ క్యాలిక్యులస్ పరీక్షలో కొన్ని భాగాలకి గ్రాఫ్ గీసే క్యాలిక్యులేటర్ కావాలి. ఇక్కడ క్యాసియోతో ఇంజనీరింగ్ పూర్తిచేసిన తల్లిదండ్రులు దాని వంద డాలర్ల పైచిలుకు ధర చూసి ఆశ్చర్యపోతారు. ఈ జాతిలో మార్కెట్లోకి వచ్చిన మొదటిది మాత్రం క్యాసియోదే, 1985లో ఎఫ్‌ఎక్స్-7000జీ. అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కల తెర, ప్రోగ్రాంకి 422 బైట్ల చోటు.

ఈ గ్రాఫ్‌ని ఎంతవరకు నమ్మాలో తెలియాలంటే టీఐ-84 పాత నలుపు తెలుపు రకం మీద ఒక ప్రయోగం చెయ్యాలి. రేడియన్‌లో పెట్టి, సున్నా నుంచి రెండు పైల దాకా సైన్ ఎక్స్ గియ్యండి. అదే తెర మీద సైన్ 95ఎక్స్ గియ్యండి. తొంభై అయిదు అలలు కనిపించాలి కదా, కనిపించవు. ఒక్క అలే వస్తుంది, మొదటి గీత మీదే సరిగ్గా పడుతుంది. గ్రాఫ్‌కి ఆ తెర మీద ఉన్న నిలువు వరసలు 95, వాటి మధ్య ఎడాలు 94. యంత్రం లెక్క కట్టేది ఆ 95 చోట్లే. ఒక వరస నుంచి మరో వరసకి వెళ్లేలోపు సైన్ 95ఎక్స్ ఒక పూర్తి చుట్టు అదనంగా తిరిగేస్తుంది, ఆ చుట్టు యంత్రానికి కనబడదు. సిగ్నల్ ప్రాసెసింగ్ తరగతిలో ఏలియాసింగ్ అని చెప్పేది ఇదే. బోర్డు మీద సూత్రం కంటే ఈ తెర ముందు ఒక్క నిమిషం కూర్చోబెడితే పిల్లలకి త్వరగా పడుతుంది.

మన దగ్గర గేట్ పరీక్షలో 2016 నుంచి సొంత క్యాలిక్యులేటర్‌ని రానివ్వడం లేదు, కంప్యూటర్ తెర మీద కనిపించేదాన్నే వాడాలి. చేతివేళ్లకి అలవాటైన వేగం మౌస్‌తో రాదు. కాబట్టి దానికి సిద్ధమయ్యేవాళ్లు ఇంట్లో క్యాసియో పక్కన పెట్టి, ఆ తెర యంత్రం మీదే పాత ప్రశ్నపత్రాలు చెయ్యడం మంచిది.

ఇక కొనేవాళ్లకి. బజార్లో ఎఫ్‌ఎక్స్-991 నకళ్లు తిరుగుతున్నాయి, పైకి ఒకేలా ఉంటాయి. నేను కొట్టులోనే చూసేవి రెండు. మొదటిది, పై నొక్కి అందులోంచి 3.141592654 తీసెయ్యడం. తెర మీద కనిపించే పై విలువ కూడా అదే కాబట్టి సున్నా రావాలనిపిస్తుంది. మంచి యంత్రంలో దాదాపు మైనస్ 4.102 ఇంటూ పది ఘాతం మైనస్ 10 వస్తుంది. తెర మీద పది అంకెలే చూపినా లోపల పదిహేను దాచుకుందన్నమాట. రెండోది కాస్త పొడవు. డిగ్రీల్లో పెట్టి 9కి సైన్ తీసి, దానికి కాస్, దానికి టాన్ తియ్యాలి. అక్కడి నుంచి వెనక్కి, టాన్ విలోమం, కాస్ విలోమం, సైన్ విలోమం. తిరిగి 9 రావాలి.

ఈ దారిలో కఠినమైన మజిలీ ఒకటుంది. సైన్ 9 అంటే 0.156434. దాన్ని డిగ్రీలుగా తీసుకుని కాస్ తీస్తే 0.999996273. ఒకటికి ఇంత దగ్గరలో కాస్ గీత దాదాపు బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి కోణంలో చిన్న మార్పు జరిగినా కాస్ విలువలో ఆ మార్పు చాలా చివరి అంకెల్లో మాత్రమే దాగి ఉంటుంది. వెనక్కి వచ్చేటప్పుడు ఆ చివరి అంకెలో జరిగిన పొరపాటు సుమారు 12 లక్షల రెట్లు పెరిగి జవాబులో కనిపిస్తుంది. లోపల పది అంకెలే పట్టుకునే పాత యంత్రమైతే నాలుగో దశాంశం దగ్గరే 9 చెదిరిపోతుంది. పదిహేను అంకెలు దాచుకునే యంత్రం ఎనిమిదో దశాంశం దాకా తొమ్మిదిని నిలబెడుతుంది. అంతకంటే ముందే చెదిరితే ఆ పెట్టె మీద ఏ పేరున్నా నేను కొనను.